ఎండని చెరువు : జంషెడ్జీ టాటా జీవితం

మన పెద్దలు సప్తసంతానాలను చెప్పినారు. తటాకం, ధననిధి, అగ్రహారం, దేవాలయం, వనం, కృతి, పుత్రుడు - ఈ ఏడింటిలో కన్నకొడుకు ఒక్కడే. తక్కిన ఆరూ మనిషి తన వివేకంతో, తన విత్తంతో కనేవి. కర్త గతించిన పిమ్మట కూడా పదిమందికి ఉపకరిస్తూ ఆయన పేరును నిలబెడతాయి కనుకనే వాటికి సంతానమన్న గౌరవం దక్కినది. వీటిలో తటాకానికి ఒక విశేషమున్నది. అన్నం పెట్టినవాడు ఆ పూట ఆకలి తీరుస్తాడు. అది మహాపుణ్యం, సందేహం లేదు. కాని మరునాడు ఆకలిగొన్నవాడు మరల ఆ ముంగిటనే నిలువవలసి ఉంటుంది. చెరువు త్రవ్వించినవాడు ఒక్కసారి వెచ్చిస్తాడు. ఆ నీటితో రైతు పండించుకుంటాడు. పండిన పంటలో కొంత భాగం చెరువుగట్టు మరమ్మతుకు వస్తుంది. గట్టు నిలిస్తే నీరు నిలుస్తుంది. రాయలసీమలో దశబంధం ఇనాములన్నవి ఈ సూత్రం మీదనే నడిచినవి.

కొన్నేళ్ళ క్రితం తరగతిలో శిబి, కర్ణుల దానగుణాన్ని గురించి చెబుతున్నాను. మాటల సందర్భంలో, చదువుకు అప్పుగా ధనమిచ్చిన దాతలు కూడా ఉన్నారని అన్నాను. వెనుక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొనేవాడు దాత ఎట్లా అవుతాడని అడిగినాడు. పిల్లలందరూ నవ్వినారు గాని నేను నవ్వలేకపోయినాను. మన కావ్యాలలోని దాతలెవ్వరూ ఇచ్చినది తిరిగి కోరలేదు. కవచకుండలాలను కోసి ఇచ్చిన కర్ణుడు వాటికి గడువు పెట్టలేదు. అయితే తిరిగి రావలెనన్న నియమంతో ఇచ్చిన ధనం దానమా, వ్యాపారమా? ఆనాడు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తి కలిగించలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం ఒక మనిషి జీవితంలో ఉన్నదని తరువాత తోచినది. ఆ మనిషి జంషెడ్జీ నసర్వాన్జీ టాటా.

జంషెడ్జీ 1839 మార్చి 3వ తేదీన గుజరాత్‌లోని నవసారి పట్టణంలో జన్మించినాడు. పారసీక మతంలో పౌరోహిత్యం చేసే కుటుంబమది. తరతరాలుగా అగ్నిని ఆరాధిస్తూ, శుభాశుభ కర్మలు జరిపిస్తూ వచ్చిన ఆ వంశంలో మొట్టమొదట వ్యాపారంలోకి దిగినవాడు తండ్రి నసర్వాన్జీ. ఆయన నవసారి విడిచి బొంబాయి చేరి, వర్తకం నేర్చి, తన కాళ్ళ మీద తాను నిలబడినాడు. కొడుకు పదునాలుగేండ్ల ప్రాయంలో తండ్రి వద్దకు వచ్చినాడు. అక్కడి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయంలో చేరి 1858లో చదువు ముగించినాడు. పుస్తకాల మీది ప్రీతి ఆయనకు అప్పుడంటుకున్నది, కడదాకా వదలలేదు.

చదువు ముగిసిన మరుసటి యేడే తండ్రి వ్యాపారశాఖను నెలకొల్పడానికి ఆయన హాంగ్‌కాంగ్ వెళ్ళినాడు. ఈ దేశం నుండి ప్రత్తిని, నల్లమందును చైనాకు పంపడం, అక్కడినుండి పట్టు, తేయాకు వంటివి తెప్పించడం ఆనాటి బొంబాయి వర్తకుల పరిపాటి. టాటా కుటుంబమూ ఆ వర్తకమే చేసినది. నల్లమందు ఒక జాతిని ఎంత కుంగదీసినదో నేడు మనకు తెలుసు. మహాపురుషుల చరిత్రలు వ్రాసేటప్పుడు ఇటువంటివి దాచిపెట్టడం ఆచారమైపోయినది. దాచడం వలన వారి ఘనత పెరగదు. వారి సంపదకు మూలాలేవో తెలిసినప్పుడే, ఆ సంపదను వారు తరువాత ఏమి చేసినారన్న ప్రశ్నకు విలువ వస్తుంది.

అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలైనది. అక్కడి ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరడం ఆగిపోయి, మన దేశపు ప్రత్తికి ధర ఆకాశమంటినది. బొంబాయిలో డబ్బు వరదలా పారినది. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ వంటి షరాబులు చెప్పినదే వేదమైనది. పుట్టగొడుగుల వలె కంపెనీలు లేచినవి. టాటాలు కూడా ఆ వరదలో దిగినారు. ఒక బ్యాంకును నెలకొల్పే ఉద్దేశంతో జంషెడ్జీ లండన్ వెళ్ళినాడు. ఆయన అక్కడ ఉండగానే, 1865లో యుద్ధం ముగిసినది. ప్రత్తి ధర కూలినది. దానితో బొంబాయి కంపెనీలు పేకమేడలై పోయినవి. జంషెడ్జీ చేతిలోని హుండీలు చిత్తుకాగితాలైనవి. అప్పుడాయనకు ఇరువదియారేండ్లు. పరాయి దేశం. ఇల్లు చేరి తలుపు వేసుకోవడానికి కూడా వీలులేదు.

ఆ స్థితిలో ఆయన చేసిన పని గమనింపదగినది. అప్పులవాళ్ళకు ముఖం చాటు చేయలేదు. ఒక్కొక్కరి వద్దకూ తానే వెళ్ళి, ఉన్నదున్నట్లు లెక్కలు ముందు పెట్టినాడు. ఆ ఋజువర్తనకు వారు ఎంతగా లోబడినారంటే, ఆయన సంస్థ ఆస్తులను తెగనమ్మి బాకీలు తీర్చే బాధ్యతను ఆయనకే ఒప్పజెప్పినారు. నెలకు ఇరువది పౌనుల జీతం కూడా ఏర్పాటు చేసినారు. ఇటు బొంబాయిలో నసర్వాన్జీ తన ఇల్లమ్మి బాకీ తీర్చినాడు. ఋణమంటే అవమానం కాదు, ఎగవేయడమే అవమానమని తండ్రీకొడుకులిద్దరూ ఆచరించి చూపినారు. నమ్మి ఇచ్చినవాని నమ్మకం నిలబెట్టుకుంటే ఋణమే మనిషికి పరువు తెస్తుందన్న సంగతి జంషెడ్జీకి ఆ లండన్ దినాలలోనే తెలిసివచ్చినదని నేననుకుంటాను. ముప్పదియేండ్లు గడవకముందే ఆయన విద్యార్థులకు ధనమివ్వడానికి ఎన్నుకున్న పద్ధతికి బీజం ఇక్కడ పడినది.

అబిసీనియా మీదికి బ్రిటిషు సైన్యం పోయినప్పుడు దానికి సరకులు సమకూర్చే కంట్రాక్టులో నసర్వాన్జీకి వాటా దొరికి, కుటుంబం మరల తేరుకున్నది. 1868లో జంషెడ్జీ ఇరువదియొక్కవేల రూపాయల మూలధనంతో సొంత వ్యాపారం మొదలుపెట్టినాడు. మరుసటి యేడు, దివాలా తీసిన ఒక నూనెమిల్లును కొని నూలుమిల్లుగా మార్చి, రెండేండ్లకు లాభానికి అమ్మివేసినాడు. ఆ మీదట లాంకషైర్ వెళ్ళి, ప్రపంచానికంతటికీ బట్టలు నేసిపెడుతున్న ఆ మిల్లులను కళ్ళారా చూసినాడు. మన పొలాలలో పండిన ప్రత్తి ఓడలెక్కి అక్కడికి పోయి, బట్టయై, రెండింతల ధరకు మరల మన అంగళ్ళకు రావడమెందుకు? ప్రత్తి పండేచోటనే, బొగ్గు దగ్గరగా దొరికేచోటనే మిల్లు పెట్టకూడదా? ఈ ఆలోచనతో 1874లో పదునైదు లక్షల మూలధనంతో ఒక కంపెనీ స్థాపించి, అందరూ బొంబాయిలో మిల్లులు కడుతుండగా తాను నాగపూరు చేరినాడు.

ఆయన కొన్న స్థలం చిత్తడి నేల. మట్టి పోసి మెరక చేయవలసి వచ్చినది. అక్కడి మార్వాడీ షరాబు ఒకడు, బంగారం తీసుకుపోయి మట్టిలో పోస్తున్నాడని పరిహసించి పెట్టుబడి పెట్టడానికి నిరాకరించినాడట. తరువాత అతడే, టాటా పోసినది మట్టి, తీసినది బంగారమని ఒప్పుకున్నాడని చెబుతారు. 1877 జనవరి 1న, విక్టోరియా రాణి చక్రవర్తినిగా ప్రకటితమైన దినాన, ఆ మిల్లు ఎంప్రెస్ మిల్లు అన్న పేరుతో నడక సాగించినది. రైల్వేలో ఉద్యోగం చేస్తున్న బెజోన్జీ మెహతాను జంషెడ్జీ దానికి మేనేజరుగా తెచ్చినాడు. మెహతాకు బట్టల మిల్లు సంగతి ఏమీ తెలియదు. మనిషిని చూసి పని అప్పగించడమే గాని పనిని చూసి మనిషిని వెదకడం జంషెడ్జీ పద్ధతి కాదు.

ఆ మిల్లులో ఆయన రెండు రకాల ప్రయోగాలు చేసినాడు. ఒకటి యంత్రాల మీద. లాంకషైర్ వాళ్ళే ఇంకా సందేహిస్తున్న రింగు కదుళ్ళను తెప్పించి నడిపించినాడు. రెండవది మనుషుల విషయంలో. ఆనాటి మిల్లులు ఎండకు కాలి, దుమ్ముతో నిండి ఉండేవి. కూలి ఎప్పుడు వస్తాడో, ఎప్పుడు మానుతాడో తెలియదు. జంషెడ్జీ గాలి వచ్చే మార్గాలు పెట్టించినాడు, గాలిలో తేమ నిలిపే సాధనాలు అమర్చినాడు. 1886లో పనివారికి పింఛను నిధిని, 1895లో ప్రమాదాలలో దెబ్బతిన్నవారికి పరిహారాన్ని ఏర్పాటు చేసినాడు. అప్పటికి ఏ చట్టమూ ఆయనను ఇట్లా చేయుమని అడగలేదు. దీనిని ఆయన దయ అని ఎన్నడూ పేర్కొనలేదు. పనివాని ఆరోగ్యం, క్షేమం వ్యాపారానికి పునాదిరాళ్ళన్నది ఆయన అభిప్రాయం. ఇక్కడ మనం ఆగి ఆలోచించవలెను. మేలు చేయడం ఒకచోట, లాభం తీయడం వేరొకచోట అని ఆయన తన జీవితాన్ని రెండు గదులుగా కట్టుకోలేదు.

అయితే ఆయనకు అన్నీ విజయాలే కలిగినవని తలచరాదు. 1886లో కుర్లాలో మూలబడిన ఒక మిల్లును కొని స్వదేశీ మిల్లు అని పేరు పెట్టినాడు. పాడుబడిన యంత్రాలు ఆయనను ఊబిలోకి లాగినవి. బ్యాంకు అప్పివ్వనన్నది. కుటుంబం కోసం తాను ఏర్పరచిన న్యాసాన్ని రద్దు చేసుకుని, బంగారుకోడి వంటి ఎంప్రెస్ మిల్లు వాటాలు కొన్నిటిని అమ్మి ఆ మిల్లును నిలబెట్టినాడు. 1890ల నడుమ, విదేశీ ఓడల కంపెనీలు సరకుల రవాణాకు విపరీతంగా వసూలు చేస్తున్నాయని జపాను కంపెనీతో కలసి సొంత ఓడలు నడిపినాడు. ఎదుటివారు అద్దెలను నేలమట్టానికి దింపినారు. తోటి వర్తకులు చౌకకు ఆశపడి వారివైపే మొగ్గినారు. నష్టపోయి ఓడలను వదలుకోవలసి వచ్చినది. బెంగుళూరులో జపాను పద్ధతిలో పట్టుపురుగుల పెంపకానికి క్షేత్రం పెట్టినాడు. ఈజిప్టు ప్రత్తిని ఇక్కడ పండించడానికి ప్రయత్నించినాడు. కొన్ని ఫలించినవి, కొన్ని ఎండినవి. కాని ప్రతి ప్రయత్నంలోనూ ఒకే ప్రశ్న కనిపిస్తుంది: ఇక్కడ పెట్టిన రూపాయి ఒకసారి ఖర్చై పోతుందా, లేక వేరు పట్టి మరొక నాలుగు కాపులు కాస్తుందా?

ఈ ప్రశ్న విద్యావిషయంలో ఆయన చేసిన పనిలో సంపూర్ణంగా వికసించినది. 1892లో జంషెడ్జీ తన పేరున ఒక విద్యానిధిని స్థాపించినాడు. ప్రతిభ గల భారతీయ యువకులు సీమకు పోయి ఉన్నతవిద్య నేర్చుకొని రావడానికి ధనసహాయం చేయడం దాని ఆశయం. ఆరంభంలో అది పారసీకులకు మాత్రమే పరిమితమై ఉన్నది. 1894లో జాతిమత భేదం లేక అందరికీ తెరచినాడు. ఆనాడు దేశంలో వైద్యశాఖలోను, ఇంజనీరింగులోను, సివిలు సర్వీసులోను పై పదవులన్నీ తెల్లవారివే. సివిలు సర్వీసు పరీక్షలు లండన్‌లోనే జరిగేవి. బుద్ధి ఉన్నా ఓడఖర్చు లేని పిల్లవాడికి ఆ తలుపు మూసినట్లే లెక్క.

ఈ నిధిలోని విశేషమేమంటే, ఆ ధనం ఉచితం కాదు. అది ఋణం. చదువు ముగించుకుని సంపాదనలో పడిన తరువాత విద్యార్థి దానిని స్వల్పమైన వడ్డీతో తిరిగి చెల్లించవలెను. అట్లా వచ్చిన సొమ్ము దాత ఇంటికి పోదు, మరల నిధిలోనే చేరుతుంది. దానితో మరొక విద్యార్థి ఓడ ఎక్కుతాడు. అతడు తీర్చినది మూడవవానికి చేరుతుంది. ఇచ్చిన చేయి మొదటి విద్యార్థికి జంషెడ్జీది. రెండవవానికి మొదటి విద్యార్థిది కూడా. అప్పు తీర్చిన ప్రతివాడూ తెలిసియో తెలియకయో దాత అవుతున్నాడు.

కోటీశ్వరుడైన జంషెడ్జీకి ఆ డబ్బు తిరిగి రావలసిన అవసరమేమున్నది? ఉచితంగానే ఇచ్చి ఉండవచ్చును కదా? రెండు కారణాలు కనిపిస్తున్నవి. మొదటిది లెక్కకు సంబంధించినది. ఉచితంగా ఇస్తే నిధి పదిమందితోనో, ఇరువదిమందితోనో తీరిపోతుంది. ఋణంగా ఇస్తే దానికి అంతం లేదు. రెండవది మనస్సుకు సంబంధించినది. చేయి చాచి తీసుకున్నవాడు జీవితాంతం తల వంచవలసి వస్తుంది. ఋణంగా తీసుకున్నవాడు తీర్చిన దినాన తల ఎత్తుకుంటాడు. నీవు తీర్చగలవు, నీలో ఆ శక్తి ఉన్నదని ముందుగా నమ్మి చెప్పడమే ఆ ఋణపత్రంలోని అసలు సంగతి. 1865లో లండన్ అప్పులవాళ్ళు ఇరువదియారేండ్ల యువకుని మీద ఉంచిన విశ్వాసాన్ని, ఏబదిమూడేండ్ల జంషెడ్జీ తన దేశపు యువజనుల మీద ఉంచినాడు.

మొదటిసారి ఎన్నికైనవారిలో ఇద్దరు స్త్రీలున్నారన్న సంగతి నేటి మన విద్యార్థినులు తప్పక తెలుసుకోవలెను. వైద్యవిద్యకై వెళ్ళిన ఆ ఇద్దరు ఫ్రేనీ కామా, కృష్ణాబాయి కేళవకర్. ఆడపిల్ల వీధిబడికి పోవడమే వింతగా చూసే కాలంలో, పైచదువుకు సముద్రం దాటడానికి ఆడపిల్లకు అప్పివ్వడం ఎంతటి సాహసమో ఊహించవచ్చును. తిరిగి చెల్లించవలెనంటే ఆమె సంపాదించవలెను. సంపాదించవలెనంటే ఉద్యోగం చేయవలెను. ఆ షరతులోనే ఆమె స్వతంత్రజీవనం ఇమిడి ఉన్నది. 1924 నాటికి సివిలు సర్వీసులో ప్రవేశించిన భారతీయులలో ప్రతి అయిదుగురికి ఇద్దరు ఈ నిధి సహాయంతో చదివినవారేనని లెక్క. తరువాతి కాలంలో, కేరళలో నిరుపేద కుటుంబాన పుట్టి లండన్‌లో చదివి, 1997లో రాష్ట్రపతి పదవిని అధిష్ఠించిన కె.ఆర్. నారాయణన్ కూడా టాటా విద్యాసహాయం పొందినవాడే.

పిల్లలను సీమకు పంపడంతో జంషెడ్జీకి తృప్తి కలుగలేదు. విద్య కోసం ఎల్లకాలమూ ఓడలెక్కవలసినదేనా? దేశంలోనే ఉన్నత విజ్ఞానపరిశోధనకు ఒక పీఠం ఉండవలెనని ఆయన సంకల్పించినాడు. బర్జోర్జీ పాద్షా అనే విద్వాంసుని విదేశాలకు పంపి, అక్కడి విశ్వవిద్యాలయాల నిర్వహణను పరిశీలింపజేసినాడు. 1898లో, ముప్పది లక్షల విలువ గల తన ఆస్తులను - బొంబాయిలోని పదునాలుగు భవనాలను, నాలుగు స్థలాలను - ఈ పనికి ఇస్తానని ప్రకటించినాడు. అది ఆయన సొంత ఆస్తిలో ఇంచుమించు సగం. ఇందులోను ఆయన పద్ధతి గమనింపదగినది. నగదు మూట తెచ్చి ఇవ్వలేదు. ఏటేటా అద్దెల రూపంలో లక్షా ఇరువదియైదువేల రూపాయల ఆదాయం రాగల ఆస్తిని ఇచ్చినాడు. మూలం చెక్కుచెదరక, ఫలం మాత్రమే ఖర్చు కావలెను.

ఆ యేడు డిసెంబరు 31న, కొత్తగా బొంబాయిలో దిగిన వైస్రాయి కర్జను ప్రభువుకు ఈ ప్రణాళికను సమర్పించినారు. ఆయనకు నమ్మకం కుదరలేదు. అంతటి చదువు చదివే విద్యార్థులు ఈ దేశంలో ఉన్నారా, చదివినా వారికి ఉద్యోగాలున్నవా అన్నది ఆయన సందేహం. ఆలోచనసంఘాలు, పరిశీలకులు, నివేదికలు - ఏండ్లు గడచినవి. 1893లో జపాను నుండి అమెరికాకు పోయే ఓడలో జంషెడ్జీకి పరిచితుడైన వివేకానందస్వామికి ఈ సంకల్పాన్ని గురించి ఆయన లేఖ వ్రాసినాడు. సోదరి నివేదిత పత్రికలలో దీని పక్షాన వాదించినది. ఆచార్య విలియం రామ్సే వచ్చి దేశమంతా చూసి బెంగుళూరు అనువైన చోటని సూచించినాడు. మైసూరు దివాను శేషాద్రి అయ్యరు పూనికతో ఆ సంస్థానం 371 ఎకరాల భూమిని ఇవ్వడానికి ముందుకు వచ్చినది. అయినా ప్రభుత్వపు తుది అంగీకారం జంషెడ్జీ జీవించి ఉండగా రాలేదు.

ఆ చివరి ఏండ్లలో మరి రెండు సంకల్పాలు ఆయనను వెంటాడినవి. చాందా జిల్లాలోని ఇనుపఖనిజాన్ని గురించి ఒక జర్మను శాస్త్రజ్ఞుని నివేదికను 1882లో చదివిన నాటినుండి దేశంలో ఉక్కు తయారుచేయవలెనన్న కోరిక ఆయనలో నాటుకొన్నది. గనుల చట్టాలు అనుకూలించక ఆగవలసివచ్చినది. 1899లో ఆ నిబంధనలు సడలగానే మరల పూనుకుని, 1902లో అరువదిమూడేండ్ల వయస్సులో అమెరికా పోయి అక్కడి ఉక్కు కొలుములను పరిశీలించినాడు. ఆ సంవత్సరమే పెద్దకొడుకు దోరాబ్జీకి వ్రాసిన లేఖలో, ఇంకా స్థలమైనా నిర్ణయం కాని ఉక్కుపట్టణంలో వీధులు వెడల్పుగా ఉండవలెనని, నీడనిచ్చే చెట్లు నాటవలెనని, ఆటస్థలాలకు, తోటలకు, గుడికి, మసీదుకు, చర్చికి చోటు విడవవలెనని సూచించినాడు. రెండవది, పడమటి కనుమలలో కురిసే వాననీటిని ఆపి, విద్యుచ్ఛక్తి తీసి, బొగ్గుపొగతో నల్లబడుతున్న బొంబాయికి అందించడం. ఉక్కు కర్మాగారం, జలవిద్యుత్తు, విజ్ఞానపీఠం - మూడింటిలో ఒక్కటి కూడా ఆయన కంటితో చూడలేదు. 1903 డిసెంబరులో బొంబాయి తీరాన తాజమహలు హోటలు తెరచినారు. అది మాత్రమే చూడగలిగినాడు. 1904 మే 19న జర్మనీలోని బాడ్ నౌహైమ్‌లో కన్నుమూసినాడు. ఇంగ్లండులోని బ్రూక్‌వుడ్‌లో ఆయన సమాధి ఉన్నది.

దాతలు గతించగానే వారి వాగ్దానాలు కూడా గతించడం లోకంలో అరుదు కాదు. ఎన్ని సత్రాలు మరుతరంలో అద్దె ఇండ్లు కాలేదు! జంషెడ్జీ కొడుకులు దోరాబ్జీ, రతన్‌జీ తండ్రి మాటను తమ మాటగా నెత్తిన పెట్టుకున్నారు. వాగ్దానం చేసిన ఆస్తిని అప్పగించినారు. 1909లో బెంగుళూరు విజ్ఞానపీఠం ఏర్పడి, 1911లో మొదటి విద్యార్థులను చేర్చుకున్నది. 1907లో ఉక్కు కంపెనీని నమోదు చేసినప్పుడు లండన్ ధనికులు పెదవి విరిచినారు. దోరాబ్జీ స్వదేశీయులనే అడిగినాడు. అప్పుడు వంగదేశంలో పుట్టిన స్వదేశీ ఉద్యమం దేశమంతటా వేడిగా ఉన్నది. మూడు వారాలలో సుమారు ఎనిమిదివేలమంది భారతీయులు రెండు కోట్ల ముప్పదిరెండు లక్షల రూపాయల మూలధనాన్ని సమకూర్చినారు. వారు చందా ఇవ్వలేదు, వాటా కొన్నారు. దేశానికి ఉక్కు రావలెను, తమ సొమ్మూ నిలువవలెను. 1912లో సాక్చీ గ్రామంలో ఉక్కు తయారైనది. ఎనిమిది గంటల పనిదినం కూడా ఆ యేడే అక్కడ అమలులోకి వచ్చినది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినారు. ఆ కొలుముల కోసం తమ పల్లెలను, పొలాలను విడిచిన గిరిజనుల కథ కూడా ఆ పట్టణ చరిత్రలో భాగమే. లాభమూ మేలూ ఒకే బండికి కట్టినప్పుడు, చక్రం క్రింద ఎవరు పడుతున్నారో చూసుకొనే బాధ్యత బండి తోలేవానిది.

1924లో ఉక్కు కంపెనీకి జీతాలివ్వడానికి కూడా డబ్బు లేని దుర్దశ పట్టినది. దోరాబ్జీ తన యావదాస్తిని, భార్య మెహర్‌బాయి నగలతో సహా, బ్యాంకులో తాకట్టు పెట్టి కర్మాగారాన్ని నిలిపినాడు. ఆ నగలలో జూబిలీ వజ్రమనే ప్రసిద్ధమైన రత్నం కూడా ఉన్నది. ఆ అప్పు తీరినది. నగలు తిరిగి వచ్చినవి. కాని అవి కుటుంబంలో నిలువలేదు. 1931లో మెహర్‌బాయి రక్తపు క్యాన్సరుతో మరణించగా, ఆ వ్యాధిపై పరిశోధనకు భర్త ఒక నిధి స్థాపించినాడు. 1932లో తన ఆస్తినంతటినీ ధర్మన్యాసానికి వ్రాసి, ఆ సంవత్సరమే తనువు చాలించినాడు. తమ్ముడు రతన్‌జీ 1918లోనే గతించినాడు. ఆయన ఆస్తితో 1919లో మరొక న్యాసం ఏర్పడినది. దక్షిణాఫ్రికాలో గాంధీజీ నడిపిన పోరాటానికి, పాటలీపుత్రపు తవ్వకాలకు ధనమిచ్చినవాడాయన. అన్నదమ్ములిద్దరికీ సంతానం లేదు. సప్తసంతానాలలో పుత్రుడొక్కడు లోపించినా తక్కిన ఆరూ కొరత తీర్చినవి.

ఈ కుటుంబం చేసిన ఏర్పాటులో ఒక అపూర్వత ఉన్నది. టాటా సంస్థలకన్నిటికీ తల్లివేరైన టాటా సన్స్ కంపెనీలో మూడింట రెండువంతుల వాటా ఈ ధర్మన్యాసాలదే. కంపెనీ లాభం వాటాకు తగినట్లు న్యాసాలకు చేరుతుంది. అక్కడినుండి ఆసుపత్రులకు, విద్యాలయాలకు, పరిశోధనకు పోతుంది. 1936లో బొంబాయిలో సాంఘికశాస్త్రాల విద్యాలయం, 1941లో క్యాన్సరు ఆసుపత్రి, 1945లో మౌలిక పరిశోధనాసంస్థ ఇట్లా వెలసినవే. మేలు చేసే పనిలో పెట్టుబడి పెట్టి, వచ్చిన ఫలాన్ని మరల మేలుకే మళ్ళించడానికి నేటి ఆర్థికశాస్త్రజ్ఞులు సామాజిక ప్రయోజన పెట్టుబడి అని కొత్త పేరు పెట్టినారు. పేరు కొత్తదే గాని చెరువు పాతది.

ఆ చెరువు నీరు మన పొలాలకూ పారినది. విశాఖపట్టణంలో బాల్యం గడిపి అక్కడి బడిలో చదువుకున్న సి.వి. రామన్ 1933లో బెంగుళూరు విజ్ఞానపీఠానికి అధ్యక్షుడైనాడు. ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడాయన. విద్యార్థులెక్కడ ఉన్నారన్న కర్జను ప్రభువు ప్రశ్నకు హోమీ భాభా, విక్రమ్ సారాభాయి వంటివారు ఆ ప్రాంగణంలో పనిచేసి సమాధానం చెప్పినారు. 1962 నుండి దాదాపు ఇరువదేండ్లు ఆ పీఠాన్ని నడిపిన సతీశ్ ధవన్ పేరునే నేడు మన సముద్రతీరంలోని శ్రీహరికోట అంతరిక్షకేంద్రం ధరించి ఉన్నది. బొంబాయిలో ఎవరో కట్టిన ఇంటి అద్దె శ్రీహరికోటలో ఆకాశానికి ఎగసే నిప్పుగా మారుతుందని 1898లో ఎవరూహించగలరు?

ఇక ఆ విద్యార్థి ప్రశ్న. ఇచ్చినదానిని తిరిగి పుచ్చుకొనేవాడు తనకై పుచ్చుకుంటే వాడు వడ్డీవ్యాపారియే. మరొకనికిచ్చేందుకై పుచ్చుకుంటే వాడు దాత. తేడా ఆ సొమ్ము ఎటు పోతున్నదన్నదానిలో ఉన్నది గాని, తిరిగి రావడంలో లేదు. అయినా కర్ణుని దానాన్ని ఇది త్రోసిరాజనదు. కరువులో పడి ఉన్నవానికి ఋణపత్రం చూపరాదు. గంజి పోయవలెను. చెరువు త్రవ్వేలోగా దప్పిగొన్నవానికి కుండలో నీళ్ళివ్వవలసినదే. అప్పు తీర్చగల శక్తి ఎవరిలో ఉన్నదో, ఎవరిలో లేదో తెలుసుకోవడం దాతకు ఉండవలసిన మొదటి వివేకం.

ఆ విద్యార్థి ఇప్పుడొక ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. మొన్న కనబడి, తమ పాఠశాల పూర్వవిద్యార్థులు కొందరు చేరి చిన్న నిధి కూడబెట్టినారని, పదవతరగతి ముగించిన పేదపిల్లలకు కళాశాల ప్రవేశరుసుముకై వడ్డీ లేని అప్పుగా ఇస్తున్నారని చెప్పినాడు. తిరిగి వస్తున్నదా అని అడిగినాను. ఒకరిద్దరు తప్ప అందరూ తీరుస్తున్నారని, తీర్చినవారిలో కొందరు తాము తీసుకున్నదాని కంటె ఎక్కువే వేసి పోతున్నారని అన్నాడు. ఈసారి నవ్వినవాడను నేనే.